న్యూజిలాండ్‌లో చిన్నపిల్లల టీచర్ కోర్సు: మావోరి భాగం ఎంత ఉంటుంది? చదివినవాళ్లు చెప్పండి

గుంటూరు స్రవంతి
అందరికీ నమస్తే. మేము ఆక్లాండ్ వచ్చి కొంతకాలమైంది. ఇండియాలో ఎం.కాం. చేసి బ్యాంకులో పనిచేశాను. ఇక్కడ ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచింగ్‌లో ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమాకి సీటు వచ్చింది, ఫిబ్రవరిలో క్లాసులు మొదలు. కాలేజీ వాళ్లు పంపిన కాగితాలు చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మొదట్లోనే మరాయెలో (మావోరి వాళ్ల సభా ప్రాంగణం) ఒక రాత్రి ఉండాలట. పెపెహా అని, మనం ఎవరమో ఎక్కడివాళ్లమో మావోరి భాషలో చూడకుండా చెప్పాలట. వైతంగి ఒప్పందం మీద వ్యాసం రాయాలట. ఈ వయసులో నాకు కొత్త భాష ఒంటపడుతుందా? పైగా వాళ్ల ప్రార్థనలు ఉంటాయంటున్నారు, మేము హిందువులం. ఇంకో మాట, తప్పుగా అనుకోకండి: మా ఏరియా ప్రీస్కూల్ సెంటర్‌లో పిల్లలు ఎక్కువమంది ఇండియన్స్, చైనీస్, సమోవన్స్. అక్కడ మావోరి ఎందుకు నేర్పాలో నిజంగానే అర్థం కాలేదు.

మనుకౌ మాధవి
స్రవంతి గారూ, కంగ్రాట్స్. నేను ఈ పనిలో చాలాకాలంగా ఉన్నాను, కొత్తగా ప్రాక్టికమ్‌కి (కోర్సులో భాగంగా సెంటర్‌లో చేసే శిక్షణకి) వచ్చే అమ్మాయిలకి మెంటర్‌గా కూడా చేస్తున్నాను. మీ చివరి ప్రశ్నే ముందు తీసుకుంటా. అది తేలకపోతే మిగతావన్నీ బట్టీ పట్టినట్టే ఉంటాయి.

ఇక్కడ బైకల్చరల్ (రెండు సంస్కృతుల) అన్న మాట జనాభా లెక్క మీద నిలబడలేదు, ఒక ఒప్పందం మీద నిలబడింది. 1840 ఫిబ్రవరి 6న వైతంగిలో బ్రిటిష్ రాణి తరఫున వచ్చినవాళ్లూ మావోరి రంగతిరలూ (తెగల పెద్దలు) సంతకాలు మొదలుపెట్టారు. తర్వాత ఊరూరా తిప్పి మొత్తం 500 మందికి పైగా పెద్దల చేత చేయించారు. వాళ్లలో దాదాపు అందరూ పెట్టింది మావోరి ప్రతి మీదే. ఆ ప్రతిలో వాళ్లు రాణికి ఇచ్చింది పరిపాలించే పని. ఇంగ్లీషు ప్రతిలో మాత్రం సార్వభౌమాధికారం మొత్తం ఇచ్చేసినట్టు ఉంది. తమ భూములు, ఊళ్లు, విలువైనవన్నీ తమ పెత్తనంలోనే ఉంటాయని మావోరి ప్రతి రెండో అధికరణం చెబుతుంది. గొడవంతా ఈ తేడాలోనే ఉంది. మీరు రాయబోయే వ్యాసం కూడా దాని మీదే.

మనకేం సంబంధం అంటారా? మనకి వీసా ఇచ్చింది క్రౌన్, అంటే రాజరికం పేరుతో నడిచే ఇక్కడి ప్రభుత్వం. ఆ క్రౌన్ ఈ దేశంలో ఉండటానికి ఆధారం ఆ కాగితం. కాబట్టి మనం వచ్చిన దారి కూడా అదే. ఇక్కడ మావోరి కానివాళ్లని 'తంగత తిరితి', అంటే ఒప్పందం వల్ల ఇక్కడున్నవాళ్లు, అంటారు. టీచింగ్ కౌన్సిల్ (టీచర్లని రిజిస్టర్ చేసే సంస్థ) పెట్టిన ఆరు ప్రమాణాల్లో మొట్టమొదటిది ఈ ఒప్పందానికి కట్టుబడి పనిచేయడం. మీ సెంటర్‌లో ఒక్క మావోరి బిడ్డ లేకపోయినా అది మీకు వర్తిస్తుంది.

సందేహాల శీను
మాధవి గారూ, మీరు టీచర్ కాబట్టి అలా చెబుతారు. నేను పేరెంట్‌ని. ఫీజు కడుతున్నాను. మా పాప నాలుగేళ్లది, ఇంటికొచ్చి మావోరి పాటలు పాడుతుంది, రంగులన్నీ మావోరిలో చెబుతుంది. ఏబీసీడీలు అడిగితే దిక్కులు చూస్తుంది. ఈ దేశంలో వంద దేశాలవాళ్లం ఉన్నాం. రెండు సంస్కృతులే ఎందుకు? అందరినీ సమానంగా చూస్తే సరిపోదా?

హామిల్టన్ రఘు
శీను అన్నా, నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. 'అందరినీ సమానంగా' అన్న మాటతోనే ఇక్కడ ఓ శతాబ్దం నడిచింది. 1867లో నేటివ్ స్కూల్స్ చట్టం వచ్చింది, ఇంగ్లీషులోనే బోధన అన్నారు. ఆ తర్వాత తరాల్లో బడిలో మావోరి మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లలు ఎందరో. వాళ్లు పెద్దయ్యాక తమ పిల్లలకి ఆ దెబ్బలు వద్దని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడారు. 1970లకి వచ్చేసరికి చిన్నపిల్లల నోట ఆ భాష దాదాపు పోయింది.

1972లో బడుల్లో మావోరి నేర్పమని 30,000 మందికి పైగా సంతకాలతో పార్లమెంటుకి అర్జీ పెట్టారు. 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయొమాతలో మొదటి కోహంగ రెఓ తెరిచారు. మాటకి 'భాషా గూడు' అని అర్థం. అవ్వలూ తాతలూ వచ్చి పసిపిల్లలతో మావోరిలో తప్ప మాట్లాడరు. అమ్మానాన్నలకి రాని భాష అవ్వ దగ్గర్నుంచి నేరుగా మనవడికి. 1986లో వైతంగి ట్రిబ్యునల్ (ఒప్పందం మీద ఫిర్యాదులు విచారించే సంస్థ) ఆ భాష కూడా ఒప్పందం కాపాడతానన్న సంపదల్లో ఒకటేనని తేల్చింది, 1987లో అది అధికార భాష అయింది. అంటే భాషని తిరిగి నిలబెట్టే పని కాలేజీల్లో కాదు, మీ పాప వయసు పిల్లల దగ్గర మొదలైంది. ప్రీస్కూల్ టీచర్లకి దీన్ని ఇంత గట్టిగా నేర్పడానికి కారణం అదే.

ఇంకొకటి. మీ పాపకి నాలుగేళ్లు అంటున్నారు. ఇక్కడ పిల్లలు సాధారణంగా ఐదో పుట్టినరోజు దాటాక బడికి వస్తారు. ఏబీసీడీలు మేం నేర్పుతాం, మీరు కంగారు పడకండి.

సందేహాల శీను
చరిత్ర సరే. మరి మొన్న ఒప్పందం సూత్రాల మీద బిల్లు పెట్టారు కదా, అందరికీ ఒకే హక్కులని. అంటే ఈ దేశంలోవాళ్లకే ఒప్పుకోలు లేదన్నమాట.

హామిల్టన్ రఘు
పెట్టారు. 2024 నవంబర్‌లో దానికి వ్యతిరేకంగా వేలాది మంది పార్లమెంటు దాకా నడిచారు. 2025 ఏప్రిల్‌లో రెండో రీడింగ్‌లో 112 మంది వద్దన్నారు, 11 మంది కావాలన్నారు. బిల్లు పోయింది. రాజకీయం ఆగదు, కానీ ట్రైనింగ్‌లో ఉన్న మనిషి ఎలక్షన్‌కోసారి మారలేరు కదా.

ఉట్నూరు మాస్టారు
నేను న్యూజిలాండ్ చూడలేదు, చూసే యోగమూ లేదు. ఈ చర్చ చదువుతుంటే చెయ్యి ఊరుకోక రాస్తున్నాను. మాది ఆదిలాబాద్ ఏజెన్సీ, గోండు గూడెంలో ఎస్జీటీని. శీను గారు పాప ఏబీసీడీలు చెప్పట్లేదని బాధపడుతున్నారు. మా ఒకటో తరగతి పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన రోజున నా మాట ఒక్కటి అర్థం చేసుకోడు, నాకు వాడి మాట అర్థం కాదు. వాడు గోండి, నేను తెలుగు, పుస్తకం తెలుగు, పైనుంచి ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. వాడు మూలన కూర్చుని మౌనంగా ఉంటే రికార్డులో 'మందబుద్ధి' అని రాసినవాళ్లని చూశాను.

మా డి.ఎడ్.లో సైకాలజీ ఉంది, లెసన్ ప్లాన్ ఉంది. గూడెం పటేల్ దగ్గరికి వెళ్తే ఎలా మాట్లాడాలి, దండారి పండగ రోజుల్లో బడి ఖాళీ అయితే గైర్హాజరు వేయాలా వద్దా, నాగోబా జాతర నెలలో మెస్రం వంశం పిల్లలు కేస్లాపూర్ వెళ్తే ఏం చేయాలి, ఇవి మాకు ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. మీకు ఒప్పందం మీద వ్యాసం రాయిస్తున్నారంటే నాకు అసూయగా ఉంది తల్లీ.

మన దగ్గర అసలు ప్రయత్నమే లేదని కాదు. 1940లలో నిజాం కాలంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ పెట్టించాడు, గోండిలో వాచకాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతులకి పుస్తకాలు తెచ్చారు. రెండూ బాగా మొదలయ్యాయి. అవి నిలవడానికి కావలసిన టీచర్లని ఏటా తయారుచేసే ఏర్పాటు మాత్రం లేకపోయింది.

మనుకౌ మాధవి
మాస్టారూ, మీరు రాసింది మా స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపిస్తాను, అనుమతి ఇస్తే.

ఉట్నూరు మాస్టారు
నిక్షేపంగా చదవండి. పేరు మాత్రం వద్దు, డీఈఓ గారు కూడా ఇంటర్నెట్ చూస్తారు :)

కిరణ్ వెల్లింగ్టన్
స్రవంతి అక్కా, నేను ఇప్పుడు మీరు చేరబోయే కోర్సు చివరి దశలో ఉన్నాను. భాష గురించి భయపడకండి. తెలుగు వచ్చినవాళ్లకి మావోరి ఉచ్చారణ ఇంగ్లీషువాళ్లకంటే చాలా తేలిక. హ్రస్వం, దీర్ఘం తేడా మన చెవికి పుట్టుకతోనే తెలుసు. వాళ్లలో 'కెకె' అంటే కేకు, 'కేకే' అంటే చంక. నా క్లాసులో ఇంగ్లీషు పిల్లలు దీనికి నానా తంటాలు పడ్డారు. మన వర్ణమాలలో ఎవరికీ పనికిరాని ఙ ఉంది చూశారా, అదే 'తంగత'లో వచ్చే శబ్దం, గ గట్టిగా పలకకూడదు. 'డబ్ల్యూ హెచ్' చాలాచోట్ల ఫ అవుతుంది.

రోజూ వాడేది పెద్ద వ్యాకరణం కాదు. రా, కూర్చో, చేతులు కడుక్కో, బాగా చేశావ్, టోపీ పెట్టుకో. ఇవి పిల్లలతో రోజంతా అంటూ ఉంటే నాలుక తిరుగుతుంది. పుస్తకం ముందేసుకుని కూర్చుంటే రాదు.

పెపెహా దగ్గర మాత్రం జాగ్రత్త. నెట్‌లో దొరికే నమూనా 'ఇది నా కొండ, ఇది నా నది, ఇది నా పడవ, ఇది నా తెగ' అని నడుస్తుంది. మనవాళ్లు దాంట్లో తిరుమల కొండ, కృష్ణానది వేసేస్తారు. మావోరికి ఆ కొండ పూర్వీకుడితో సమానం, ఆ వాక్యం ఒక వంశ హక్కు చెప్పడం. అందుకని మా లెక్చరర్ మనలాంటివాళ్లకి వేరే వాక్యాలు ఇచ్చారు: మా పూర్వీకులు ఇండియా నుంచి, నేను గుంటూరులో పెరిగాను, ఇప్పుడు ఆక్లాండ్‌లో ఉంటున్నాను, ఫలానా కొండ నీడన నివసిస్తున్నాను అని. 'నాది' అనకుండా 'ఇక్కడ ఉంటున్నాను' అనడం. కొన్ని కాలేజీల్లో పాత నమూనానే ఇప్పటికీ ఒప్పుకుంటారు. మీ దగ్గర ఏది అంటారో ముందే అడగండి.

సందేహాల శీను
ఓహో, ఇది మన ప్రవర చెప్పడం లాంటిదే కదా. అభివాదయే, గోత్రం, ఋషులు, ఫలానా శర్మ అహం భో.

నాగమణి
ప్రవర అందరికీ ఉండదు శీను గారూ. మా ఇంట్లో ఎవరికీ లేదు. ఊళ్లో మమ్మల్ని 'ఎవరి పిల్లలు' అని అడిగింది పరిచయానికి కాదు, ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోడానికి. అందుకే నేను కోర్సులో మొదటిసారి పెపెహా చెప్పాల్సి వచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుపోయింది. మా గ్రూపులో ఒక మావోరి పెద్దావిడ చెప్పింది: ఎదుటివాళ్లతో నీకు ఏ దారిన చుట్టరికం కలుస్తుందో వెతుక్కోడానికే ఇదంతా అని. నేను మా అమ్మమ్మ పేరు, ఆవిడ నాట్లు వేసిన చెరువు పేరు చెప్పాను. చాలు అన్నారు.

సందేహాల శీను
ఆ కోణం నాకు తట్టలేదు నాగమణి గారూ. సరే.

విజయవాడ గ్రేస్
నాదీ ఒక సందేహం. మేము క్రిస్టియన్స్‌మి. నా ప్రాక్టికమ్ సెంటర్‌లో భోజనానికి ముందు పిల్లలతో చెప్పించే కరకియాలో (ప్రార్థనలో) తానే, రొంగొ, తంగరోవ అని వాళ్ల దేవుళ్ల పేర్లు ఉన్నాయి. హిందువులకి ఇబ్బంది లేకపోవచ్చు, ఇంకో దేవుడు ఎక్కువైతే ఏం అనుకుంటారు. నాకు మనసు ఒప్పలేదు, నోరు కదిపి ఊరుకున్నాను.

మనుకౌ మాధవి
గ్రేస్, ఊరుకోకుండా మెంటర్‌తో మాట్లాడమ్మా. నువ్వు చెప్పేది 'నౌ మై ఎ ఙా హువ' అనుకుంటా. అడవి నుంచి, తోట నుంచి, మంచినీళ్ల నుంచి, సముద్రం నుంచి వచ్చిన తిండిని పలకరించి, ఒక్కోదాన్నీ దాని దేవుడి పేరుతో చెప్పేది. దాన్ని కృతజ్ఞతగా చూసేవాళ్లున్నారు, పూజగా చూసేవాళ్లున్నారు. మావోరిలో యేసు పేరుతో ఉన్న కరకియాలు కూడా ఎన్నో ఉన్నాయి. వాళ్లలో చాలామంది 19వ శతాబ్దం నుంచే క్రైస్తవులు. ఏ దేవుడి పేరూ లేనివీ ఉన్నాయి. నువ్వు గౌరవంగా నిలబడి వేరేవాళ్లని నడిపించమనడం తప్పేం కాదు. పిల్లల ముందు మొహం మాడ్చుకుని నిలబడటమే ఇబ్బంది, వాళ్లు ఇట్టే పట్టేస్తారు. నాకు తెలిసిన ఒక ముస్లిం టీచర్ తన సెంటర్‌తో మాట్లాడి, పాటలన్నీ తను నేర్పేలా, కరకియా వేరొకరు చెప్పేలా కుదుర్చుకుంది.

నాగమణి
దీన్ని మించిన సమస్య నేను ఒకటి చూశాను. పేరు రాయను, ఒక సెంటర్. గోడ నిండా మావోరి పదాల చార్టులు, పొద్దున్నే 'కియా ఓరా' (నమస్తే), మతారికి పండగ వస్తే గ్లిటర్ పూసిన తొమ్మిది నక్షత్రాలు. అంతే. మతారికి అంటే మన కృత్తికలు. నడిచలికాలంలో, ఇక్కడి జూన్, జూలైలలో, తెల్లవారుజామున మళ్లీ కనబడితే వాళ్లకి కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతా సెలవు కూడా. ఆ ఏడాది పోయినవాళ్లని పేరు పేరునా తలుచుకోవడం దాంట్లో ముఖ్యం. మా సెంటర్‌లో ఒక పిల్లవాడి తాత ఆ ఏడే పోయాడు. ఆ బిడ్డ తాత మాట ఎత్తితే టీచర్ 'ఇప్పుడు స్టార్స్‌కి రంగు వేద్దాం' అని దారి మళ్లించింది. పండగ పేరుతో పండగనే పక్కకి తోశారు.

నన్నేమో దీపావళి రోజున చీర కట్టుకొచ్చి పిల్లలకి డాన్స్ చేయించమన్నారు. ఆ ఒక్క రోజే నేను ఇండియన్‌ని. మిగతా రోజుల్లో నా అభిప్రాయం అడిగినవాళ్లు లేరు.

హామిల్టన్ రఘు
నాగమణి గారు చెప్పింది ప్రాక్టికమ్‌లో అందరికీ ఎదురవుతుంది. తె ఫారికి (ప్రీస్కూల్ పాఠ్యప్రణాళిక, 1996లో వచ్చి 2017లో మారింది) చదివినప్పుడు ఇది ఇంకా గుచ్చుకుంటుంది. ఆ పేరుకి అల్లిన చాప అని అర్థం. నాలుగు సూత్రాలు, ఐదు పాయలు. దాంట్లో మావోరి భాగం ఇంగ్లీషు భాగానికి అనువాదం కాదు. ఉదాహరణకి ఇంగ్లీషులో 'క్షేమం' అన్నచోట మావోరిలో 'మన అతువ' (ఇది తెలుగు 'మన' కాదు), బిడ్డ తనతోపాటు తెచ్చుకున్న దైవాంశ, వంశం ఇచ్చిన విలువ. ఈ తేడా ఒంటబట్టిన టీచర్ తాత మాట ఎత్తిన బిడ్డని ఆపదు. పరీక్షకి పాయల పేర్లు నేర్చుకోవడం తేలికే. మీ లెర్నింగ్ స్టోరీల్లో (పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో టీచర్ రాసే కథనాల్లో) ఇది కనబడుతుందా అనేదే లెక్చరర్లు చూస్తారు.

శీను అన్నకి కూడా చెప్పాలి: ఇంటి భాషని సెంటర్ గౌరవించాలని అదే పుస్తకంలో ఉంది. మీ పాప టీచర్‌కి నాలుగు తెలుగు మాటలు రాసివ్వండి. మావోరి పాట కోసం నోరు తిప్పుకున్న టీచర్, తెలుగు పేరు సరిగ్గా పలకడానికి కూడా శ్రద్ధ పెడుతుంది. నా అనుభవంలో ఈ రెండూ కలిసే వస్తాయి.

కిరణ్ వెల్లింగ్టన్
ప్రాక్టికమ్‌లో మనవాళ్లు పెద్దగా కష్టపడక్కర్లేని సంగతులు కొన్ని: బల్ల మీద కూర్చోకూడదు, తలకి తగిలే దిండు మీద కూర్చోకూడదు, వంటింటి గుడ్డలు బట్టలతో కలిపి ఉతకకూడదు. ఇవన్నీ మా నానమ్మ తిట్లే. చాలా సెంటర్లలో ఆటకి బియ్యం, పాస్తా, బంగాళాదుంపల అచ్చులు కూడా వాడరు, తిండితో ఆడకూడదని. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కష్టం ఎక్కడంటే, పిల్లల తల నిమరడం. మనకది ఆశీర్వాదం, ప్రేమ. వాళ్లకి తల తపు, పవిత్రం, ఊరికే తాకరు. చెయ్యి అలవాటుగా పోతుంది. భుజం మీద వేయడం నేర్చుకోవాలి.

గుంటూరు స్రవంతి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అందరికీ థాంక్స్. కోర్సు అయ్యాక రిజిస్ట్రేషన్ సంగతి, మరాయె రాత్రి సంగతి కూడా ఎవరైనా చెబుతారా? నేను వెజిటేరియన్.

మనుకౌ మాధవి
రిజిస్ట్రేషన్ క్లుప్తంగా: పిల్లలతో పని కాబట్టి 2014 చిల్డ్రన్స్ యాక్ట్ కింద పోలీస్ వెట్టింగ్ (నేరచరిత్ర తనిఖీ) తప్పదు, ప్రాక్టికమ్‌కి ముందే అడుగుతారు. కోర్సయ్యాక ప్రొవిజనల్ సర్టిఫికెట్, దాని మీద మెంటర్ పర్యవేక్షణలో రెండేళ్లు పనిచేస్తే ఫుల్ సర్టిఫికెట్. ఆ రెండేళ్లూ ఒప్పందం ప్రమాణానికి ఏం చేశావో ఆధారాలు దాచుకోవాలి. మొదటి నెల నుంచే ఒక ఫైల్ పెట్టు. ఇంగ్లీషు టెస్ట్ స్కోరు నియమం కౌన్సిల్ సైట్‌లో చూసుకో, ఫోరమ్ మాట నమ్మకు. మెంటరింగ్ సరిగ్గా ఇవ్వని సెంటర్లు ఉన్నాయి, ఉద్యోగం ఒప్పుకునే ముందే వారానికి ఎంత టైమ్ ఇస్తారో అడుగు.

నాగమణి
మరాయె: పోఫిరికి (స్వాగతం) ఆడవాళ్లు పొడుగు స్కర్ట్ వేసుకుంటారు, చాలాచోట్ల అడుగుతారు. లోపల్నుంచి ఒకావిడ గొంతెత్తి పిలిచేదాకా గేటు దగ్గరే ఆగాలి. లోపలికి నడిచేటప్పుడు మన ఆడవాళ్లు ముందు ఉంటారు, కూర్చునేటప్పుడు ముందు వరస మగవాళ్లది. ఇది చూసి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అక్కడే గొణిగింది, తర్వాత క్లాసులో మంచి చర్చ జరిగింది. అడగాలనుంటే నువ్వూ అడుగు, కానీ పోఫిరి అయ్యాక. మీ తరఫున ఎవరైనా మాట్లాడాక మీ గ్రూపంతా ఒక పాట పాడాలి, ముందే నేర్చుకుని వెళ్లండి. ఆ తర్వాత హొంగి, ముక్కూ ముక్కూ ఆనించడం. కళ్లద్దాలు తీసేయి. చివర్లో భోజనం, అది అయితే గాని స్వాగతం పూర్తయినట్టు కాదు, కాబట్టి ఆకలి లేదని తప్పించుకోకు.

వెజిటేరియన్ అని వారం ముందే చెప్పు, వంట చేసేది మామూలు ఇంటి ఆడవాళ్లూ మగవాళ్లే, హోటల్ కాదు. కొహా (కానుక) కాలేజీ అందరి తరఫున ఒకే కవరులో ఇస్తుంది, నువ్వు విడిగా ఇవ్వక్కర్లేదు. చెప్పులు బయట. దుప్పటి, దిండు గలీబు, సాక్స్ తీసుకెళ్లు. పరుపులు వాళ్లే వేస్తారు, అందరూ ఒకే పెద్ద హాల్లో వరసగా పడుకోవాలి.

కిరణ్ వెల్లింగ్టన్
ఇయర్ ప్లగ్స్ కూడా. మా లెక్చరర్ గురక భయంకరం.